20 అంకెల సంయుక్త సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

ఒక సంఖ్యకు ఎన్ని భాజకాలున్నాయి, వాటి మొత్తమెంత అని చెప్పాలంటే ముందు దాని ప్రధాన కారణాంకాలు తెలియాలి. కష్టమంతా అక్కడే. 12345678901234567890నే తీసుకుందాం.

కంప్యూటర్ వాడేవాళ్లకు ఒక మాట. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, మిగతావి సున్నాలైపోతాయి. రుణ సంఖ్యలనూ పట్టే 64 బిట్ల పూర్ణాంకం 9223372036854775807 దగ్గరే ఆగిపోతుంది. పైథాన్‌లో ఈ ఇబ్బంది లేదు. కాకపోతే భాగహారానికి ‘/’ కాకుండా ‘//’ వాడాలి, లేకపోతే చివరి అంకెలు చెడతాయి.

1. చిన్నవాటిని తీసేయండి. చివర 90 ఉంది కాబట్టి 2తో ఒకసారి, 5తో ఒకసారి పోతుంది. 4తో, 25తో పోదు. అంకెల మొత్తం 90, అంటే 9తో పోతుంది. మొత్తంగా 90తో భాగిస్తే 137174210013717421 వస్తుంది. దీని అంకెల మొత్తం 52, కాబట్టి 3 ఇక పోదు. దొరికిన కారణాంకంతోనే మళ్లీ భాగించి చూడటం చాలామంది మరిచిపోతారు.

2. భాగహారాలకు దిగేముందు సంఖ్య రూపం చూడండి. 13717421, రెండు సున్నాలు, మళ్లీ 13717421. అంటే ఇది 13717421 × 10000000001. సగం పని ఇక్కడే తీరిపోయింది.

3. 13717421కి ఫెర్మా పద్ధతి వాడదాం, అంటే దాన్ని రెండు వర్గాల తేడాగా రాద్దాం: a² − b² = (a − b)(a + b). వర్గమూలం సుమారు 3703.7. 3704 వర్గంలోంచి మన సంఖ్య తీసేస్తే 2195, అది వర్గం కాదు. 3705తో చేస్తే 9604, అంటే 98². కాబట్టి కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. 61 వరకున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే రెండూ ప్రధానాలేనని తేలుతుంది. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి ఇంత త్వరగా తెములుతుంది. దూరంగా ఉంటే మామూలు భాగహారమే నయం.

4. 10000000001 అంటే 10¹⁰ + 1. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యతో 10 ఘాతాలను భాగిస్తూ పోతే శేషాలు ప్రతి 4 లేదా 20 అడుగులకు పునరావృతమవుతాయి. 4 అయితే ఆ సంఖ్య 101 ఒక్కటే. 20 అయితే, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే 20తో పోవాలి. ఎటు చూసినా 41, 61, 101, 181, 241 లాంటివే పరీక్షించాలి. ప్రధాన సంఖ్యల్లో ఇవి దాదాపు ఎనిమిదో వంతే. 101తో భాగిస్తే 99009901. ఓపికగా వెళితే 3541 దగ్గర పోయి 27961 మిగులుతుంది. దీన్ని విడిగా పరీక్షించనక్కర్లేదు. వర్గమూలం 167, ఆ లోపువన్నీ ముందే చూసేశాం.

5. ఇప్పుడు లెక్కలు. మన సంఖ్య = 2 × 3² × 5 × 101 × 3541 × 3607 × 3803 × 27961. ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణిస్తే భాజకాలు 2⁷ × 3 = 384. మొదటి మెట్టులో 3ను ఒక్కసారే తీసి ఉంటే 256 అని తప్పు వచ్చేది.

భాజకాల మొత్తానికి ప్రతి ప్రధానానికీ 1 కలిపి (3²కు మాత్రం 1 + 3 + 9 = 13) గుణించాలి: 3 × 13 × 6 × 102 × 3542 × 3608 × 3804 × 27962, అంటే సంఖ్యకు సుమారు 2.63 రెట్లు. ఇందులో 2.6 రెట్లు ఒక్క 90 వల్లే వచ్చాయి. పెద్ద ప్రధానాలు భాజకాల సంఖ్యను 12 నుంచి 384కు పెంచాయి గానీ, ఈ నిష్పత్తిని కదిపింది చాలా తక్కువ.