నీళ్లు తీశాక పసిపిల్లల్ని కనిపెట్టుకోండి

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఆశా కార్యకర్తని. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా వీధుల్లోకి వచ్చినప్పుడు పిల్లల్ని మేడ మీదికి చేర్చడమే అందరి టెన్షన్. నీళ్లు తీశాక హమ్మయ్య అనుకున్నాం. నేను తిరిగే ఇళ్లలో విరేచనాలు మొదలైంది ఆ తర్వాతే.

ఒక ఇంట్లో పదకొండు నెలల పాప. తల్లి ఓఆర్ఎస్ ప్యాకెట్ మూల కత్తిరించి, స్టీలు గ్లాసు నీళ్లలో చిటికెడు పొడి వేసి కలుపుతోంది. "మళ్లీ దొరుకుతుందో లేదోనని పొదుపుగా వాడుతున్నా అక్కా" అంది. పెద్ద ప్యాకెట్‌ను అలా వాడకూడదు. మొత్తం పొడి ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకింత వేస్తే చిక్కదనం చేతిలో ఉండదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, తక్కువైతే పని చేయదు. సాయంగా పంచిన ఖాళీ లీటరు బాటిల్ అక్కడే ఉంది, దాంతోనే కొలిచి చూపించాను. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి.

రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో నిదానంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. జింక్ బిళ్లలు 14 రోజులూ వేయాలి. విరేచనాలు కట్టాయని చాలామంది మూడో రోజే మానేస్తారు, దయచేసి మానొద్దు. తల్లిపాలు అసలు ఆపొద్దు. పాలపీక సీసా మాత్రం వద్దు. శుభ్రమైన నీళ్లే కరువైన చోట దాన్ని సరిగా కడగలేం.

కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలైనా ఒంటికి వెళ్లకపోయినా, విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కుళాయి నీళ్లు తేటగా వచ్చాయని నమ్మొద్దు. కళపెళా మరిగాక ఇంకో నిమిషం మరగనివ్వండి. క్లోరిన్ బిళ్ల అయితే అట్ట మీద రాసినన్ని లీటర్లలోనే వేసి అరగంట ఆగండి. సంప్ మునిగి ఉంటే తోడేసి, బ్లీచింగ్‌తో కడిగాకే మళ్లీ నింపుకోండి.

వారం తిరిగేసరికి దోమలొస్తాయి. ఫ్రిజ్ వెనక ట్రే, మూతలేని బిందెలు చూసుకోండి. జ్వరమొస్తే పారాసిటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి. డెంగీ కావచ్చు కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు.

మా వీధిలో ఐదేళ్ల బాబు చినుకు పడితే మంచం కిందికి దూరేవాడు, పక్క తడిపేవాడు. వాళ్ల నాన్న కోప్పడితే ఇంకా ముడుచుకుపోయాడు. అలాంటప్పుడు తిట్టకండి, దగ్గరికి తీసుకుని కూర్చోండి. బడి తెరవగానే పంపండి. తోటి పిల్లల్లో పడితే చాలామంది తేరుకుంటారు.

టీకాల కార్డు నానిపోయిందని, మళ్లీ మొదటినుంచీ వేయించాలేమోనని కొందరు తల్లులు రావడమే మానేశారు. అవసరం లేదమ్మా. తేదీలు మా రిజిస్టర్‌లో ఉంటాయి. ఆగిన దగ్గర నుంచే వేస్తారు, బిడ్డను తీసుకురండి.