డ్రై ఫుడ్ నుంచి ఇంటి వంటకు: పది కిలోల కుక్కకు గ్రాముల లెక్క

ముందు గ్రాముల్లో చూపే వంటింటి తూకం మెషీన్ ఒకటి కొనండి. చాలామంది తప్పు చేసేది గిన్నెకు గిన్నె మార్చడంలోనే. డ్రై ఫుడ్‌లో నీళ్లు పదో వంతే ఉంటాయి, 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు. వండిన చికెన్ అన్నంలో మూడింట రెండు వంతులకు పైగా నీళ్లే, 100 గ్రాములకు 125 దాకా వస్తాయి. అదే గిన్నె అంతే నింపి పెడితే పొట్ట నిండినట్టే ఉంటుంది గానీ కొన్ని వారాలకే పక్కటెముకలు బయటపడతాయి.

కేలరీల లెక్కకు ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. బరువును బరువుతో, మళ్లీ బరువుతో గుణించండి (10 కిలోలైతే 1000). వర్గమూలం రెండుసార్లు తీయండి, 5.62 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 394. ఇది కదలకుండా పడుకున్న కుక్కకు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, మామూలుగా తిరిగే ఎదిగిన కుక్కకు దాన్ని 1.6తో గుణించాలి, అంటే రోజుకు 630. వేసవిలో పొద్దంతా ఫ్యాను కింద పడుకునే దానికి 1.4 చాలు. 20 కిలోల కుక్కకు ఇదే లెక్కన 1060 వస్తుంది. బరువు రెట్టింపైనా తిండి రెట్టింపు కాదని గుర్తుపెట్టుకోండి, పెద్ద కుక్కలు లావెక్కేది ఇక్కడే.

10 కిలోల కుక్కకు ఒక రోజు తిండి, అన్నీ పచ్చి తూకమే:

ఎముక, స్కిన్ లేని కోడి తొడ మాంసం – 200 గ్రాములు
కోడి కార్జం – 15 గ్రాములు
బియ్యం – 80 గ్రాములు
గుమ్మడి, క్యారెట్, బీన్స్ కలిపి – 80 గ్రాములు
నూనె – 1 టీస్పూను
గుడ్డు పెంకు పొడి – అర టీస్పూను

వండాక ఇది 480 గ్రాముల దాకా తూగుతుంది, సుమారు 600 కేలరీలు. రెండు పూటలకు పంచండి. బియ్యం, మాంసం, కూరగాయలు కుక్కర్లో మెత్తగా ఉడికించి, కార్జం చివర్లో విడిగా ఐదు నిమిషాలు ఉడికించి కలపండి. కుక్క ఇష్టపడుతోందని కార్జం పెంచితే ముందు విరేచనాలు పట్టుకుంటాయి, నెలల తరబడి పెడితే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. మాంసంలో కొంత కందనకాయ వేసుకోవచ్చు. అంగడిలో కాళ్లు, మెడలు, తలకాయలు కలిపి తక్కువకు ఇస్తారు, వాటితో మాత్రం ఈ లెక్క కుదరదు. పైగా ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుకు గుచ్చుకుంటుంది.

బియ్యంలో సగం తీసి రాగిపిండితో సంగటి చేసి పెట్టొచ్చు, ఉప్పు వేయకుండా. ముద్ద పైన చల్లారినా లోపల పొగలు కక్కుతుంటుంది, విడదీసి ఆరబెట్టాకే పెట్టండి. రాగుల్లో కాల్షియం ఎక్కువ కదా, పెంకు పొడి ఎందుకని అడిగేవాళ్లుంటారు. 40 గ్రాముల రాగిపిండిలో ఉండేది 140 మిల్లీగ్రాములే. ఈ కుక్కకు రోజుకు కావలసింది 750 దాకా.

కాల్షియం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఒట్టి మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను రెట్లకు పైగా ఉంటుంది. తిండిలో దొరకని కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. పెంకులు కడిగి, పది నిమిషాలు మరగబెట్టి, బాగా ఎండబెట్టి, మిక్సీలో పట్టి సన్నటి జల్లెడ పట్టండి. బరకగా ఉంటే ఒంటికి పట్టదు. తిండి చల్లారాక కలపండి. సీసాల్లో అమ్మే కాల్షియం సిరప్ వాడాలనుకుంటే లేబుల్ చూడండి. అందులో ఫాస్ఫరస్ కూడా ఉంటే మనం సరిచేయాలనుకున్న తేడా అలాగే ఉండిపోతుంది.

పెంకు పొడి వేసినా జింకు, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ చాలవు. ప్యాకెట్‌లో వాటిని కంపెనీ కలుపుతుంది, ఇక్కడ మీరే కలపాలి. కుక్కల కోసం రాసిన 200 వంటకాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు 2013లో పరీక్షిస్తే 190లో కనీసం ఒక పోషకం తక్కువే తేలింది. ఆ వంటకాల్లో కొన్ని పశువైద్యులు రాసినవి కూడా. అందుకే పై కొలతల కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, కుక్కల విటమిన్–మినరల్ పొడి ఎంత వేయాలో రాయించుకోండి. తిరుపతిలో అయితే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ ఆసుపత్రి ఉండనే ఉంది. ఏడాది లోపు పిల్లలకు, చూడి కుక్కలకు, కిడ్నీ, క్లోమం జబ్బులున్న వాటికి ఈ కొలతలు అసలు వాడొద్దు.

మాంసం గడప దాటని ఇళ్లలో చికెన్, కార్జం బదులు నాలుగు ఉడికిన గుడ్లు పెట్టండి. బియ్యం పైన చెప్పినంతే, నూనె మానేయండి. గుడ్డు కూడా రానివ్వని ఇంట్లో ఒట్టి పెరుగన్నం మీద కుక్కను పెంచడం కన్నా ప్యాకెట్ తిండే మేలు.

ఇక మన కంచంలోది. ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) పచ్చివైనా ఉడికినవైనా ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, కాబట్టి కూర రసం కలిపిన అన్నం వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి. కొండ నుంచి తెచ్చిన లడ్డూలో కిస్మిస్ ఉంటుందని మర్చిపోయి, ప్రసాదమే కదా అని ముక్క తుంచి పెడుతుంటారు. అసలు విషం టార్టారిక్ ఆమ్లమని ఇప్పుడు భావిస్తున్నారు. అది చింతపండులోనూ దండిగా ఉంది, అంటే పులిహోర, చారన్నం, పులుసన్నం కూడా లేనట్టే. ఎంత తింటే ముప్పో కుక్కను బట్టి మారుతుంది. తిన్నదని తెలిస్తే వాంతి కోసం చూస్తూ కూర్చోకుండా, ఉప్పునీళ్లు పట్టకుండా, వీలైతే రెండు గంటల్లోపే డాక్టరుకు చూపించండి. మామిడిపండు గుజ్జు కొంచెం పెట్టొచ్చు, టెంక మాత్రం పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే.

మార్పు పది రోజుల పని. ఇదివరకు రోజుకు 180 గ్రాముల డ్రై ఫుడ్ తినే కుక్క అయితే మొదటి మూడు రోజులు 135 గ్రాముల డ్రై ఫుడ్, 120 గ్రాముల వంట. తర్వాతి మూడు రోజులు 90, 240. ఆపై మూడు రోజులు 45, 360. పదో రోజు పూర్తిగా వంటే. కుక్క వంటను మాత్రమే ఏరుకుని తింటే డ్రై ఫుడ్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి కలిపేయండి.

రోజూ మలం చూడండి. మెత్తబడితే, పైన జిగురు కనిపిస్తే అంతకు ముందటి మెట్టుకు దిగి మూడు రోజులు ఆగండి. చాలాసార్లు కారణం స్కిన్ తీయకపోవడమో, కార్జం ఎక్కువ కావడమో. తెల్లగా సుద్దలా పొడిపొడిగా వస్తే పెంకు పొడి ఎక్కువైంది. తారులా నల్లగా వచ్చినా, రక్తం పడినా, ఒకే రోజు పదేపదే వాంతులైనా ఆసుపత్రికే. నీళ్లు మునుపటి కన్నా తక్కువ తాగుతుంది, దానికి కంగారు వద్దు. తిండిలోనే నీళ్లున్నాయి.

ఒకేసారి మూడు రోజులకు వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అంతకు మించినది ఫ్రీజర్‌లోకి. ఏప్రిల్, మే ఎండల్లో గిన్నెలో పెట్టిన తిండి అరగంట దాటితే తీసేయండి. ఉడికిన అన్నం బయట ఉంటే దాంట్లో బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

వారానికోసారి కుక్కను ఎత్తుకుని బరువు మెషీన్ ఎక్కి, మీ బరువు తీసేసి రాసుకోండి. రెండు వారాల్లో పావు కిలో తగ్గితే అన్నీ పదో వంతు పెంచండి. పెరిగితే బియ్యం, నూనె మాత్రం తగ్గించండి, మాంసం కదపొద్దు.