భాషా విధానంపై పరిశోధన చేయదలచిన రాజనీతిశాస్త్ర విద్యార్థులకు

ప్రజాస్వామ్యాన్నీ భాషా విధానాన్నీ కలిపి అధ్యయనం చేయదలచినవారు ఎం.ఏ. రెండో సంవత్సరంలోనే తమ ప్రశ్నను తేల్చుకోవడం మేలు. విశ్వవిద్యాలయం, గైడు, ఫెలోషిప్ ఆ తర్వాతి సంగతులు. తెలుగు మాధ్యమం ఉండాలా వద్దా అన్నది వేదికల మీద వాదోపవాదాలకు పనికొస్తుంది గానీ సిద్ధాంత గ్రంథానికి చాలదు.

ఉదాహరణకు, బడుల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఇచ్చిన 81, 85 నంబరు జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలోనే సాగాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను అంటుంది. ప్రాథమిక దశలో మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలదీ, వారి తరఫున తల్లిదండ్రులదీ అని 2014 మేలో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ జీవోలను, చట్టాన్ని, తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదివితే, బడి భాషను నిర్ణయించే అధికారం ఎన్నికైన ప్రభుత్వానిదా, న్యాయస్థానానిదా, కుటుంబానిదా అన్న ప్రశ్న తలెత్తుతుంది. అయిదారేళ్లు దాని వెంట నడవవచ్చు.

తర్వాత మూలపత్రాలకు వెళ్లాలి. అధికార భాషపై 1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు రాజ్యాంగ సభలో జరిగిన చర్చలు, 343 నుంచి 351 వరకు ఉన్న అధికరణాలు, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదిక తప్పనిసరిగా చదవవలసినవి. ఇతరులు రాసిన సారాంశాలతో సరిపెట్టుకున్నవారిని మౌఖిక పరీక్షలో ఇట్టే పట్టేస్తారు. తెలుగు శాసనసభ చర్చలను, పాత పత్రికలను అనువాదం అక్కర్లేకుండా చదవగలగడం మీకున్న పెద్ద పెట్టుబడి. అయితే పోలిక లేనిదే ఈ శాస్త్రంలో వాదన నిలబడదు కనుక తమిళమో కన్నడమో ఉర్దూవో పత్రాలు చదివేంత మేరకైనా నేర్చుకోవాలి.

ఈ రంగంలో పేరుపొందిన అమెరికన్ రాజనీతిశాస్త్రవేత్త డేవిడ్ లైటిన్ వృత్తి జీవితాన్ని గమనించండి. సోమాలియాలో భాషా రాజకీయాలతో మొదలుపెట్టి, నైజీరియా, స్పెయిన్‌లోని కాటలోనియా, సోవియట్ యూనియన్ నుంచి విడివడిన దేశాల దాకా ఆయన పరిశోధన సాగింది. దేశాలు మారినా, భాష, మతం వంటి సాంస్కృతిక అంశాలకూ రాజకీయాలకూ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్నను ఆయన విడిచిపెట్టలేదు.

పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హతల విషయానికొస్తే, సాధారణంగా పీజీలో 55 శాతం మార్కులు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ విశ్వవిద్యాలయం సొంత ప్రవేశ పరీక్ష గానీ కావాలి. రిజర్వుడు వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. నెట్ ద్వారా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు.

అధ్యాపక పోస్టుల ప్రకటనల్లో భాషా విధానం అన్న మాట కనిపించడం అరుదు. భారత రాజకీయాలు, తులనాత్మక రాజకీయాలు, ప్రభుత్వ విధానం అన్న శీర్షికల కిందే దరఖాస్తు చేయాలి; కాబట్టి ఆ పాఠాలు చెప్పగలమని చూపేలా, సమాఖ్య వ్యవస్థ గురించో పార్టీల గురించో కనీసం ఒక వ్యాసమైనా పీహెచ్‌డీ పూర్తయ్యేలోగా ప్రచురించుకోవాలి.