పాత ఆంధ్రపత్రికలో మన ఊరి వార్త వెతకడం ఎలా?

"మా తాతగారు బాపట్ల ఆంధ్ర మహాసభకు వెళ్ళారట, పాత ఆంధ్రపత్రికలో పేరుందేమో చూసిపెడతారా?" అని అడిగేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. చూసిపెట్టను గానీ, ఎలా చూడాలో చెబుతాను.

ముందు ఏడాది సరిచూసుకోండి. తెలుగువాళ్ళకు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని పెట్టిన ఆ సభ 1913లో జరిగింది. అప్పటికి ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి వచ్చే వారపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు (అమృతాంజనం పంతులుగారే) దాన్ని 1908లో అక్కడ మొదలుపెట్టారు. దినపత్రిక మద్రాసులో 1914 ఏప్రిల్ 1న మొదలైంది. అంచేత బాపట్ల సభకు వారపత్రిక బైండు (పాత సంచికలన్నీ కలిపి కుట్టిన పుస్తకం) అడగాలి, 1914 బెజవాడ సభకైతే దినపత్రిక బైండు.

తర్వాత తేదీ. జరిగిన రోజు సంచిక తిరగేసి "లేదండీ" అని లేచిపోతారు చాలామంది. ఊళ్ళ నుంచి వార్త ఉత్తరంలో రావాలి, కంపోజిటర్ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాలి. ఆ తర్వాతి వారం పది రోజులూ చూడండి. తంతి (టెలిగ్రాం) వార్తయితే త్వరగా పడుతుంది. చేయి తిరగాలంటే తేదీ తెలిసిన పెద్ద సంఘటనతో మొదలుపెట్టండి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చింది. పత్రిక ఆఫీసున్న ఊళ్ళోనే జరిగింది కాబట్టి, ఆ వార్త ఏ తేదీన, ఏ పేజీలో, ఎంత జాగాలో వేశారో చూస్తే పత్రిక తీరు పట్టుబడుతుంది.

పేర్లు కూడా ఆనాటివే వెతకాలి: విజయవాడకు బెజవాడ, మచిలీపట్నానికి బందరు. రాయలసీమ 1928 నంద్యాల సభలో పెట్టిన పేరు, అంతకుముందు దత్తమండలాలే (నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలు). అరసున్నలు, బండి ఱలు అడ్డొస్తాయి గానీ కాసేపటికి కళ్ళు అలవాటుపడతాయి.

ఇక కాగితం. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయంలో అసలు బైండు చేతికిస్తే, వేలు తడి చేసి పేజీ తిప్పకండి. మూల పట్టుకుంటే మూల ఊడి చేతిలోకి వస్తుంది. పేజీ కింద అట్టముక్క దూర్చి, పైన అరచేయి ఆనించి మెల్లగా తిప్పండి. కుట్టు పక్కనున్న కాలమ్‌లో అక్షరాలు లోపలికి పోయి ఉంటాయి. చదవాలన్న ఆత్రంతో బైండు వీపు విరిచేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్ పక్కకు వంచి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి, అదీ అనుమతి అడిగాకే. తేదీ, పేజీ, కాలమ్ ఒక చీటీ మీద రాసి ఆ చీటీ కూడా ఫోటోలో పడేలా పెట్టండి. లేదంటే ఇంటికెళ్ళాక ఏ ఫోటో ఏ రోజుదో తెలియక తల పట్టుకుంటారు.