లినక్స్ మొరాయిస్తే, దృష్టి నిలవకపోతే: సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు దగ్గర ఉంటూ, పాత ల్యాప్‌టాప్ మీద చాలా ఏళ్లుగా విండోస్ బదులు డెబియన్ అనే రకం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. నాకు ఏడీహెచ్‌డీ, అంటే దృష్టిని కావలసిన చోట నిలపలేని సమస్య, ఉందని వైద్యులు పెద్దయ్యాకే తేల్చారు. లినక్స్‌లో చాలా పొరపాట్లను వెనక్కి తిప్పుకోవచ్చు, అయితే ఏం మార్చామో గుర్తుండాలి. మాబోటివాళ్లకు నిలవనిది ఆ గుర్తే కాబట్టి, దాన్ని కాగితం మీదా డిస్కులోనూ దాచుకోవడమే కింది పరిష్కారాల్లో చాలావాటికి ఆధారం.

సమస్య: రాత్రి బాగానే ఉన్న కంప్యూటరు పొద్దున తెరుచుకోదు.

నల్లటి తెర మీద 1 నిమిషం 30 సెకన్ల లెక్క నడిచి, ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్ (మరమ్మతు కోసం ఆదేశాలు మాత్రమే తీసుకునే తెర) వస్తుంది. నాకు ఇలా జరిగిన రాత్రి, నాన్నగారి ఫొటోలున్న బయటి డిస్కు దానంతటదే తెరుచుకోవాలని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab) అనే, తెరవాల్సిన డిస్కుల జాబితా ఉండే ఫైలులో ఒక వరుస చేర్చాను. ఆ పని మధ్యలో తెలుగు ఒత్తులు సరిగా కనబడటం లేదని తోచి, ఫాంట్లు మార్చడం మొదలుపెట్టి, డిస్కు సంగతి పూర్తిగా మరిచిపోయాను. పొద్దున నాకు గుర్తున్న చివరి మార్పు ఫాంట్లే కాబట్టి, నేరం వాటి మీద మోపి రెండు గంటలు వాటితోనే కుస్తీ పట్టాను.

అసలు కారణం వేరు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పేరున్న డిస్కు తగిలించి లేకపోతే కంప్యూటరు లేచేటప్పుడు పనులన్నీ నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము దాని కోసం 90 సెకన్లు చూసి, ఆపైన ముందుకు సాగనివ్వదు.

ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ ఫైలు తెరిచి, కొత్త వరుసను కంప్యూటరు పట్టించుకోకుండా దాని మొదట్లో హాష్ గుర్తు (#) పెట్టి రీబూట్ చేయాలి. రూట్ ఖాతాకు తాళం పడి ఉందని చెబితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) తెరిచి అదే పని చేయాలి. డిస్కు మళ్లీ కావాలనుకున్నప్పుడు, మారిపోయే ఎస్‌డీబీ (sdb) వంటి పేరు బదులు దాని యూయూఐడీ (UUID, ఆ డిస్కుకు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) రాసి, పక్కన నోఫెయిల్ (nofail) అన్న మాట చేర్చితే, డిస్కు లేకపోయినా కంప్యూటరు లేస్తుంది.

ఇది మళ్లీ జరగకుండా నేను రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. బల్లకు పురికొసతో కట్టిన గళ్ల నోటుపుస్తకంలో, ఫైలు ముట్టుకోక ముందే "11:40, ఎఫ్‌ఎస్‌ట్యాబ్, చివరి వరుస, నాన్న డిస్కు" అని రాస్తాను. మార్చిన తర్వాత రాద్దామనుకుంటే అప్పటికే మనసు ఇంకోచోట ఉంటుంది. రెండోది ఎట్‌సీకీపర్ (etckeeper) అనే ప్యాకేజీ. ఇది సెట్టింగుల ఫైళ్లున్న ఫోల్డరు మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్ల ప్రతి మార్పునూ దాచిపెట్టే ప్రోగ్రాము) పెట్టి, రోజుకొకసారీ, ప్యాకేజీలు ఎక్కించినప్పుడల్లా, మార్పులను తానే నమోదు చేస్తుంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాని గుండెకాయ అయిన కెర్నల్ పని కోసం గిట్ మొదలుపెట్టినా, మరపు ఉన్నవాళ్లకు దీనికి మించిన సాయం నాకు కనబడలేదు.

సమస్య: తొమ్మిదికి ఒక్క సెట్టింగు మార్చడానికి కూర్చుంటే తెల్లవారుజామవుతుంది.

"ఏమిరా, కొండమీద సుప్రభాతం పొద్దయింది, ఇంకా పండుకోలేదా?" అని అమ్మ పిలిచేదాకా నాకు వేళ తెలిసేది కాదు. ఏడీహెచ్‌డీ అంటే దృష్టి అసలే లేకపోవడం కాదు; ఇష్టమైన చోట అది అతుక్కుపోయి, పిలిచినా రాదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ప్రతి ఆదేశానికీ వెంటనే జవాబు వస్తుంది కనుక అక్కడ మరీ గట్టిగా అతుక్కుంటుంది. పైగా ఇప్పుడు లేస్తే రేపు కొస దొరకదన్న భయం ఉంటుంది. అందుకే అలారం మోగే ఫోనును వంటింట్లో పెట్టి, లేచే ముందు రేపటి మొదటి ఆదేశాన్ని నోటుపుస్తకంలో రాసుకుంటే, ఆ భయం తగ్గి కాలు కదులుతుంది.

సమస్య: వారానికొక కొత్త రకం లినక్స్ ఎక్కించాలనిపిస్తుంది.

ఆ కోరికను అణచనక్కరలేదు, వర్చువల్ మెషిన్‌లో, అంటే అసలు సిస్టమ్‌ను ముట్టుకోకుండా దాని లోపలే నడిచే నకిలీ కంప్యూటరులో, తీర్చుకోండి.

సమస్య: కంప్యూటరు బాగుపడినా కరెంటు బిల్లు, ఆఫీసు కాగితాలు, ఇంట్లో చెప్పిన మాట, అన్నీ జారిపోతున్నాయి.

ఇక్కడ నోటుపుస్తకం ఒక్కటే చాలదు, మానసిక వైద్యులను కలవాలి. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యలను గుర్తించడానికి వైద్యులు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం పెద్దవారిలో ఏడీహెచ్‌డీ ఉందని చెప్పాలంటే, లక్షణాల్లో కొన్ని 12 ఏళ్ల లోపే ఉండి ఉండాలి. అందువల్ల వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే తీసుకెళ్లండి, చిన్నప్పటి సంగతులు తెలిసిన అమ్మనో అక్కనో వెంటబెట్టుకోండి.