విదేశీ సైట్లో ఆర్డర్ పెట్టే ముందు

నవంబరు చివర బ్లాక్ ఫ్రైడే సేల్ మొదలవగానే అమెరికా, యూకే సైట్లలో ధరలు ఊరిస్తాయి. ధర ఒక్కటే చూసి కొంటే, పార్సిల్ ఇండియాకు చేరాక కొరియర్ కంపెనీ పంపే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. అందులో చాలా భాగం ముందే లెక్కకట్టవచ్చు.

మన కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద పడుతుంది. 60 డాలర్ల బూట్లకు 10 డాలర్ల షిప్పింగ్ అయితే, ఇన్సూరెన్స్ కాకుండానే లెక్క 70 దగ్గర మొదలవుతుంది. దాని మీద బేసిక్ డ్యూటీ. ఆ డ్యూటీని కూడా కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతులపై వేసే జీఎస్టీ. అందుకే అంత తొందర లేనప్పుడు ఎక్స్‌ప్రెస్ వదిలి చవక షిప్పింగ్ ఎంచుకుంటే షిప్పింగ్‌లోనూ, సుంకంలోనూ రెండు చోట్ల మిగలొచ్చు. రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన శాతాలు నమ్మకుండా, కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్లో చూసుకోండి.

షిప్పింగ్‌లో అసలు మోసపోయేది బరువు దగ్గర. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి; వచ్చిన కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే వాటికే ఛార్జీ వేస్తాయి. 40×30×20 పెట్టెలో కిలో సరుకే ఉన్నా 4.8 కిలోలకు కట్టాలి. బూట్ల డబ్బా తీసేసి చిన్న ప్యాకింగ్‌లో పంపమని అమ్మేవాళ్లను అడగండి.

చెకౌట్‌లో డీడీపీ అని ఉంటే సుంకాలు అక్కడే కట్టేసినట్టు. డీఏపీ అయితే ఇక్కడ మీరే కట్టాలి. పైగా మీ తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ కంపెనీ రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తుంది. ఒకే ఆర్డర్‌ను నాలుగు పార్సిళ్లుగా చేస్తే ఈ రుసుము నాలుగుసార్లు పడొచ్చు. చిన్న పార్సిల్ కదా, సుంకం ఉండదులే అనుకోవద్దు. గిఫ్ట్ అని రాయించినా లాభం లేదు: 5,000 రూపాయల లోపు కానుకలకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది. ఇక ధర తక్కువ చేసి ఇన్‌వాయిస్ రాయించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. కార్డు బిల్లుతో పోల్చి చూస్తే దొరికిపోతుంది, సరుకు జప్తు, జరిమానా దాకా పోతుంది.

కార్డు దగ్గర రూపాయల్లో కడతారా అని సైట్ అడిగితే వద్దనండి, ఆ మార్పిడి రేటు సాధారణంగా మీ బ్యాంకుదానికంటే ఎక్కువే. బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ చెల్లింపులపై వేసే అదనపు ఛార్జీ), దానిపై 18% జీఎస్టీ ముందే కనుక్కోండి.

డ్రోన్లు, ఈ-సిగరెట్లు అసలు తెప్పించకండి, దిగుమతి నిషిద్ధం. విత్తనాలకు అనుమతి ఉండాలి.

పార్సిల్ బయల్దేరగానే కేవైసీ పత్రాలు అప్‌లోడ్ చేయండి. ఆధార్‌లో పేరూ పార్సిల్ మీద పేరూ ఒకటే ఉండాలి. ఆలస్యమైతే గోదాము అద్దె పడొచ్చు. కస్టమ్స్ నుంచి అంటూ ఫోన్ చేసి ఎవరి యూపీఐకో డబ్బు పంపమంటే అది మోసమే. ట్రాకింగ్ నంబరు కొరియర్ కంపెనీ సొంత సైట్లో వేసి, అక్కడే కట్టండి.

సైజు కుదరక వెనక్కి పంపితే అమ్మేవాళ్లు వస్తువు ధర ఇస్తారేమోగానీ, సుంకం దానంతటది తిరిగి రాదు. లోపమున్న సరుకుకు కస్టమ్స్ చట్టం 26ఏ సెక్షన్ కింద రీఫండ్ అడగొచ్చు, కానీ క్లియరెన్స్ అయిన 30 రోజుల్లోపు తిరిగి ఎగుమతి చేయాలి. కాబట్టి సైజు సందేహంగా ఉన్న బట్టలు, చెప్పులు ఇక్కడే కొనడం మేలు.