గజానికి ఎంత మిత్తి పడుతోంది? బయానాకు ముందే వేసుకోవాల్సిన లెక్క

శంకర్‌పల్లి వైపో, షాద్‌నగర్ వైపో ప్లాటు కొని కొన్నాళ్లాగి అమ్ముదామనుకునేవారు ధరను గజాల్లో చెప్పుకుంటారు, మిత్తిని, అంటే వడ్డీని, నెలల్లో చెప్పుకుంటారు. రెండూ ఒకే కొలతలోకి వస్తే తప్ప లాభమో నష్టమో తేలదు. అందుకే బయానా (అడ్వాన్సు) ఇవ్వకముందే ఖర్చంతా గజం మీదికి తెచ్చుకోండి.

250 గజాలు, గజం రూ.24,000 అనుకుందాం. మొత్తం 60 లక్షలు. ఇందులో 40 లక్షలు సొంతవి, 20 లక్షలు నూటికి రూపాయిన్నర చొప్పున బయట తెచ్చినవి. మిత్తి నెలకు 30,000, అంటే గజానికి ఏడాదికి 1,440. సొంత డబ్బుకూ ఖరీదు కట్టాలి. చాలామంది వదిలేసే పద్దు ఇదే. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 7 శాతం వస్తుందనుకున్నా గజానికి 1,120 పోతోంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. పూర్తి ధరకు దస్తావేజు రాయిస్తే గజానికి 1,800. మధ్యవర్తికి ఒక శాతం ఇస్తే 240. అన్నీ కలిపితే ఏడాది తిరిగేసరికి గజం 28,600 పలకాలి, అదీ లాభం లేకుండా. రెండో ఏడాది రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదు కానీ మిత్తి రూపంలో మరో 2,560 చేరుతుంది. ఈ అంకెను మధ్యవర్తి చెప్పే రేటుతో పోల్చకండి. ఆ వెంచర్‌లో ఈ మధ్య నిజంగా ఎంతకు చేతులు మారిందో కనుక్కుని దాంతో పోల్చండి.

బయట అప్పు చేయి దాటిపోయేది నోటు తిరగరాసే రోజున. ప్రాంసరీ నోటు మీద కోర్టుకెక్కడానికి మూడేళ్ల గడువు. అది దగ్గరపడగానే అప్పిచ్చినవారు పేరుకున్న మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. నూటికి రెండు రూపాయల మీద 10 లక్షలు తెచ్చి మూడేళ్లు ఏమీ కట్టకపోతే కొత్త నోటు 17.2 లక్షలకు రాయాల్సి వస్తుంది. అప్పటిదాకా నెలకు 20,000 ఉన్న మిత్తి ఆ రోజు నుంచి 34,400 అవుతుంది. దీన్ని ఆపే దారి ఒకటుంది. ఆర్నెల్లకోసారైనా మిత్తి కట్టి, నోటు వెనక తేదీ వేసి, ఇంత కట్టానని మీ సంతకంతో చెల్లు రాయండి. గడువులోపు అలా చెల్లు పడితే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి కాబట్టి తిరగరాయమని పట్టుబట్టే అవసరం వారికీ ఉండదు. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే నడపండి. రూ.20,000, ఆపై అప్పును నగదుగా తీసుకోవడం, తీర్చడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకైతే బ్యాంకు లోన్ ఎప్పుడు విడుదలవుతోందన్నదే అసలు విషయం. 8.5 శాతానికి 60 లక్షల లోన్, 30 నెలల కట్టుబడి అనుకోండి. మొత్తం మొదటి నెలలోనే బిల్డర్‌కు వెళ్తే ఆ 30 నెలలకు వడ్డీ 12.75 లక్షలు. స్లాబుల వారీగా విడుదలై సగటున 30 లక్షలే బయట ఉంటే 6.37 లక్షలు. కాబట్టి ముందే మొత్తం కడితే తగ్గిస్తామని బిల్డర్ అంటే, ఆ తగ్గింపు 6.38 లక్షలకు మించుతోందా అన్నది చూడాలి. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోవడాన్ని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం నిషేధించింది. ఒప్పందంలోని స్వాధీనం తేదీని జాగ్రత్తగా చదవండి, ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు ఆ తేదీ నుంచే లెక్క.

చేతికి అదనంగా డబ్బొస్తే ముందు బయటి నోటు తీర్చండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అలాంటి అప్పు పక్కన పెట్టి 8.5 శాతం హోమ్‌లోన్‌కు కట్టడం పొరపాటు. ఆ తర్వాత హోమ్‌లోన్‌కు కడితే, ఈఎంఐ అలాగే ఉంచి కాలపరిమితి తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) రేటు మీద సొంత పేరున్న హోమ్‌లోన్‌ను ముందే తీర్చినా జరిమానా ఉండదు.

జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఆస్తిపన్ను బకాయినీ ఇలాంటి అప్పుగానే చూడండి. దాని మీద నెలకు 2 శాతం పడుతుంది, అంటే నూటికి రెండు రూపాయల మిత్తే. ఆ ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది.